నుదుట నామాలున్న పురుగు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మా మేనకోడలు ఏప్రిల్‌లో ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పంపింది. కింద "మామయ్యా, ఇదేం పురుగు?" అని ఒక్క ముక్క. పెరట్లో పూలకుండీ పక్కకి జరిపితే అడుగునున్న ఎండుటాకుల్లోంచి పరుగెత్తిందట. ఫొటోలో నాకు కనిపించింది ఇటుకల మీద ఒక మెరిసే చుక్క. చింతపండుతో తోమి ఎండలో బోర్లించిన కంచుగిన్నెని బియ్యపుగింజంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

ముప్పయ్యేళ్లు జువాలజీ చెప్పినవాణ్ని. ఆ ధీమాతో అర నిమిషంలో జవాబు కొట్టాను: "బెంబిడియాన్. అక్కడి తోటల్లో మామూలే." పది నిమిషాలకి పురుగు ముఖం కనిపించేలా రెండో ఫొటో వచ్చింది. చూసి నా మెసేజ్ నేనే చెరిపేసుకున్నాను. బెంబిడియాన్ కూడా చిన్నదే, అదీ మెరుస్తుంది, నేల మీదే పరుగెడుతుంది. కానీ ఇది అది కాదు. మెరుపు చూసి పేరు పెట్టేశాను. నా క్లాసులో ఏ కుర్రాడైనా ఆ పని చేస్తే ప్రాక్టికల్ రికార్డు వెనక్కి కొట్టేవాణ్ని.

ఆ మధ్యాహ్నమంతా ఆమె ఫొటోలు తీయడం, నేను ఇంకోటి అడగడం. ఆ పురుగుకి పేరు ఎలా తేలిందో చెబుతాను. పురుగుల్ని గుర్తుపట్టడంలో కంటికి ముందు కనిపించేది చాలాసార్లు పనికిరాదు. పనికొచ్చేది కాళ్ల సందున, నుదుటి మీద, రెక్కల గీతల మధ్యన దాక్కుని ఉంటుంది.

మొదట అది పెంకుపురుగేనా అన్నది తేల్చాలి. ఇది తేలిక. పెంకుపురుగుల ముందు రెక్కలు గట్టిపడి మూతల్లా తయారవుతాయి. రెండు మూతలూ వీపు మధ్యన తిన్నగా, నడినెత్తిన పాపిట తీసినట్టు కలుస్తాయి. కూరగాయల మీద వాలి కంపు కొట్టే పెంకునల్లుల్లో ఈ పాపిట ఉండదు, రెక్కలు ఒకదానిమీదికొకటి అడ్డంగా మడుచుకుంటాయి. కాళ్లు కూడా లెక్కపెట్టుకోవాలి. తొలకరి జల్లు పడగానే నేల మీద ఎర్ర మఖమల్ గుండీల్లా తిరిగే ఆరుద్ర పురుగుని మనం పురుగు అనే అంటాం గానీ, దానికి కాళ్లు ఎనిమిది. అది సాలీళ్లకు చుట్టం.

లీడ్స్ పురుగుకి ఆరు కాళ్లు, తిన్నని పాపిట. సరే, పెంకుపురుగే. అయితే శాస్త్రవేత్తలు ఇంతవరకూ పేరు పెట్టిన పెంకుపురుగుల జాతులే దాదాపు 4 లక్షలు. వాటిలో ఏ కుటుంబం?

"తల్లీ, దాన్ని గాజుగ్లాసులో వేసి అడుగు నుంచి ఫొటో తియ్యి" అన్నాను.

"కరవదు కదా?"

"కరవదు. కాకపోతే నోట్లో మాత్రం పెట్టుకోకు."

ఆ మాట ఊరికే అనలేదు. చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో పుస్తకాల కంటే పెంకుపురుగుల వెంటే ఎక్కువ తిరిగాడు. ఒకసారి రెండు చేతుల్లో రెండు నేలపెంకు పురుగులు (గ్రౌండ్ బీటిల్స్) పట్టుకుని ఉండగా, అంతకంటే అరుదైన మూడోది కనిపించింది. వీపు మీద శిలువ గుర్తుండే పనాజియస్ అది. దేన్నీ వదల్లేక చేతిలో ఉన్న ఒకదాన్ని పళ్ల మధ్య పట్టుకున్నాడు. అది గొంతులోకి మంటెత్తే ద్రవం చిమ్మింది. చివరికి ఆ కొత్తదీ పోయింది, పాతవీ పోయాయి. 1846లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి స్వయంగా చెప్పుకున్నాడు. నేలపెంకు పురుగుల పొట్ట చివర రెండు గ్రంథులుంటాయి, వాటి సరుకు అది. జాతిని బట్టి ఫార్మిక్ ఆమ్లం, క్వినోన్లు, ఇంకా రకరకాల ఘాటు రసాయనాలు ఉంటాయి. ఈ కుటుంబంలోనే ఉన్న బాంబార్డియర్ పురుగు పొట్టలో రసాయనాలు కలిపి నూరు డిగ్రీల వేడి దగ్గర ఆవిరిలా పేల్చి వదులుతుంది.

గ్లాసు అడుగు నుంచి తీసిన ఫొటో బాగా వచ్చింది. నేను వెతికింది వెనక కాళ్ల మొదలు. కీటకాల కాలిలో తొడకీ ఒంటికీ మధ్య ట్రోకాంటర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. చాలా పురుగుల్లో అది ఉందో లేదో అన్నట్టుంటుంది. నేలపెంకు పురుగుల వెనక కాళ్లలో మాత్రం అది ఉబ్బి, తొడకి అతికించిన చిక్కుడుగింజలా కనిపిస్తుంది. ఈ గింజలు రెండూ కనిపించాయంటే మీరు నేలపెంకు పురుగుల ఇంటి అరుగు మీదికి వచ్చినట్టే. దాంతోపాటు వెనక కాళ్ల మొదళ్లు పొట్ట కింది తొలి పలకలోకి చొచ్చుకుపోయి, దాన్ని రెండుగా చీల్చినట్టుంటాయి. ఆ మొదళ్లు కదలవు, ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి.

ఇంకో రెండు చూస్తే అనుమానం తీరిపోతుంది. ఒకటి పాదాలు. ఆరు పాదాల్లోనూ ఐదేసి కణుపులుండాలి. ఇళ్లలో పిండిడబ్బాల్లో పుట్టే ఎర్రపురుగుల కుటుంబానికి ముందు నాలుగు పాదాల్లోనూ ఐదేసి, వెనక రెంటిలో నాలుగేసి కణుపులే ఉంటాయి. ఆకులు తినే పెంకుపురుగులకి చూపుకి నాలుగే, పాదాల కింద మెత్తని దిండ్లు. రెండోది మీసాలు. నేలపెంకు పురుగు మీసం పూసలు గుచ్చిన దారంలా పదకొండు ముక్కలతో సన్నగా సాగుతుంది, చివర గద ఉండదు, రంపప్పళ్లు ఉండవు. ముందుకాళ్ల పిక్కల మీద ఒక గాటు కూడా ఉంటుంది. అది మీసాలు శుభ్రం చేసుకునే దువ్వెన. పురుగు తీరిగ్గా కూర్చుని ఒక్కో మీసాన్నీ ఆ గాటులోంచి లాగి తుడుచుకుంటుంది. భూతద్దంతో చూస్తుంటే పెళ్లికి బయల్దేరే మావగారు గుర్తొస్తారు.

ఇంతవరకు వచ్చాక కూడా ప్రపంచం మొత్తం మీద నేలపెంకు పురుగులు సుమారు 40 వేల జాతులు. బ్రిటన్‌లో అయితే 350 దాకా.

"ఇంత మెరుస్తోంది కదా, ఆ రంగు చూసి చెప్పలేవా?" అంది మేనకోడలు. అందరూ అడిగే ప్రశ్నే ఇది.

మన ఊళ్లలో పెరిగిన పిల్లలకి మెరిసే పురుగంటే జీరంగే. తుమ్మచెట్ల మీద పట్టుకుని అగ్గిపెట్టెలో నాలుగాకులేసి దాచుకునేవాళ్లం. ఆ పచ్చ చచ్చినా వదలదు. 1888లో లండన్ నాటకరంగం మీద ఎలెన్ టెర్రీ అనే నటి లేడీ మాక్బెత్ వేషానికి కట్టుకున్న గౌనుకి సుమారు వెయ్యి జీరంగి రెక్కలు కుట్టారు. అవి ఇప్పటికీ మెరుస్తున్నాయి. ఆ మెరుపు రంగుపొడిది కాదు కాబట్టే అన్నాళ్లుంది. పురుగు పైపొర అతి పలుచని దొంతరలుగా ఉంటుంది. ఒక్కో దొంతర మందం మిల్లీమీటరులో పదివేలో వంతు, ఆ ప్రాంతంలో ఉంటుంది. ఒక్కో పొర నుంచీ తిరిగొచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. సబ్బుబుడగ మీద రంగులు కనిపించేదీ ఈ లెక్కతోనే. జర్మనీలో మెసెల్ అనే చోట 4 కోట్ల 70 లక్షల ఏళ్లనాటి పెంకుపురుగుల శిలాజాలు దొరికాయి. వాటిలో కొన్నిటికి లోహపు మెరుపు ఇంకా ఉంది. రంగుపొడి అయితే ఎప్పుడో మట్టిలో కలిసిపోయేది.

గుర్తుపట్టేవాడికి చిక్కు కూడా ఆ దొంతరల దగ్గరే. పొర మందం కాస్త అటూ ఇటూ అయితే చాలు, రంగు మారిపోతుంది. యూరప్ పొలాల్లో విరివిగా ఉండే పొయిసిలస్ క్యుప్రియస్‌నే తీసుకోండి. ఆ పేరుకి రాగిరంగుదని అర్థం. కానీ ఒకే పొలంలో రాగిరంగువీ, పచ్చవీ, నీలివీ, నల్లవీ కూడా దొరుకుతాయి. అన్నీ ఒకే జాతి. దాన్ని పోలిన వెర్సికలర్ అనే జాతి కూడా అవే రంగుల్లో ఉంటుంది. రెండిటినీ విడదీయాలంటే తల మీద చూడాలి. ఒకదానికి కళ్ల మధ్య సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు దట్టంగా ఉంటాయి, రెండోదానికి అక్కడ దాదాపు నున్నన. హార్పలస్ అఫినిస్ అని ఇంకోటుంది, అదీ పచ్చ, రాగి, నీలం, నలుపు వేషాలన్నీ వేస్తుంది. దాన్ని పట్టించేది పెంకుల అంచుల్లో ఉండే పొట్టి నూగు. ఇవిగాక, మెరుపు మనం చూసే కోణాన్ని బట్టి కూడా మారుతుంది. ఫోన్ కాస్త వంచితే కంచు పచ్చబడుతుంది. కోశం విడిచి అప్పుడే వచ్చిన పురుగైతే మెత్తగా, పాలిపోయి ఉంటుంది, దానికింకా రంగే తేలదు.

అందుకని రంగుని చివరి సాక్షిగా పిలవాలి, మొదటి సాక్షిగా కాదు. "కంచురంగు" అన్నదాన్ని నేను కాగితం మీద రాసుకుని పక్కన పెట్టాను.

కొలత సంగతి త్వరగా అయిపోయింది. స్కేలు పక్కన పెట్టి తీసింది, ఐదున్నర మిల్లీమీటర్లు. దీంతో పొయిసిలస్, హార్పలస్ లాంటి పెద్దవి తప్పుకున్నాయి. తోటల్లో ఎండ కాచుకునే అమారా ఈనియా కూడా కంచురంగుదే గానీ, అది ఆరు మిల్లీమీటర్లకి తగ్గదు, కోడిగుడ్డులా గుండ్రంగా ఉంటుంది, కళ్లు చిన్నవి.

ఇక ముఖం. రెండో ఫొటోలో నన్ను సిగ్గుపడేలా చేసింది ఇదే. సాధారణంగా నేలపెంకు పురుగుల తల సన్నగా ఉంటుంది, దాని వెనకనున్న మెడపలక వెడల్పుగా ఉంటుంది. ఇక్కడ తల, కళ్లతో కలిపితే, మెడపలకంత వెడల్పు ఉంది. ఆ వెడల్పంతా కళ్లదే. రెండు వైపులా ఉబుకుకొచ్చిన ఆ సంయుక్త నేత్రాలు చూస్తే చిన్నపిల్లలు పెద్దవాళ్ల కళ్లజోడు పెట్టుకున్నట్టుంది.

పెద్ద కళ్ల పురుగులు ఇదొక్కటే కాదు. నదీతీరాల బురద మీద తిరిగే ఎలాఫ్రస్‌కీ ఉన్నాయి, కానీ దాని పెంకుల మీద నెమలికన్నుల్లాంటి గుండ్రని గుంటల వరసలుంటాయి, పైగా అది ఇంకాస్త పెద్దది. అసాఫిడియాన్‌కీ ఉన్నాయి, కానీ దాని ఒళ్లంతా నూగు. నేను చెప్పిన బెంబిడియాన్‌కి కూడా కళ్లు ఓ మాదిరి పెద్దవే. బ్రిటన్‌లోనే యాభైకి పైగా జాతులున్న గుంపు అది. దాన్ని పట్టుకోవాలంటే నోటి పక్కన వేలాడే రుచితంతువులు చూడాలి. చివరి నుంచి రెండో కణుపు ఉబ్బి ఉంటుంది, దాని కొసన ఆఖరి కణుపు సూదిమొనంత. జొన్నకంకికి ముల్లు గుచ్చినట్టు. లీడ్స్ పురుగు రుచితంతువులకి ఆ ముల్లు లేదు. నా మొదటి జవాబు అక్కడే కొట్టుకుపోయింది.

ఈ కళ్ల దగ్గర బోల్తాపడ్డ పెద్దలున్నారు. ఆధునిక పేర్ల పద్ధతికి పునాది వేసిన కార్ల్ లినేయస్ 1758లో ఈ గుంపులోని ఒక పురుగుకి "సిసిండెలా అక్వాటికా" అని పేరు పెట్టాడు. సిసిండెలా అంటే టైగర్ బీటిల్. ఇసుకనేలల మీద ఉరికురికి వేటాడే ఆ పురుగుకీ కళ్లు పెద్దవే, ఒళ్లు మెరుపే. రెండూ చూసి ఆయన దీన్ని ఆ గాటన కట్టేశాడు. ఎలాఫ్రస్‌ని కూడా అందులోనే కలిపాడు. దాదాపు యాభయ్యేళ్ల తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యుమెరిల్ వీటిని విడదీసి నోషియోఫిలస్ అనే ప్రజాతిగా నిలబెట్టాడు. లినేయసే తడబడ్డాక నేనెంత అని ఆ ఆదివారం కాస్త ఊరట పొందాను.

నోషియోఫిలస్ అని దేనితో తెలిసింది? నుదుటితో. రెండు కళ్ల మధ్య నుదుటి మీద నిలువుగా, ఒకదాని పక్కనొకటి, సన్నని చాళ్లు దిగి ఉంటాయి. ఎవరో శ్రద్ధగా దిద్దిన నామాల్లా. బెంబిడియాన్‌కి గానీ ఎలాఫ్రస్‌కి గానీ ఈ తీరు నామాలు లేవు. ఈ నామాలు ఒక్కసారి చూసినవాడు మళ్లీ మర్చిపోడు.

రెండో గుర్తు వీపు మీద. నేలపెంకు పురుగుల పెంకుల మీద నాగలి దున్నినట్టు పొడుగునా చాళ్లుంటాయి. చాలావాటిలో చాలుకీ చాలుకీ మధ్య దూరం దాదాపు సమానం. నోషియోఫిలస్‌లో పాపిట పక్కన మొదటి చాలు దాటగానే ఒక వెడల్పాటి పట్టీ దున్నకుండా వదిలేసినట్టుంటుంది. ఆ పట్టీ నున్నగా, అద్దంలా మెరుస్తుంది. మిగతా చాళ్లన్నీ అంచువైపు ఇరుక్కుని ఉంటాయి. మేనకోడలి మొదటి ఫొటోలో నా కళ్లు చెదిరేలా మెరిసింది ఆ రెండు పట్టీలే. మెరుపు మోసం చేసింది అన్నాను గానీ, మెరిసే చోటు ఎక్కడుందో చూసి ఉంటే నాకు అప్పుడే తెలియాల్సింది.

బ్రిటన్‌లో నోషియోఫిలస్‌లు ఎనిమిది. ఇంతవరకు ఫోన్ సాయపడింది. ఇక్కడి నుంచి మేనకోడలు ఫోన్ కెమెరాకి భూతద్దం అడ్డుపెట్టి తీయాల్సి వచ్చింది.

కాళ్లు చూశాం. తొడలు ముదురు, పిక్కలు లేత పసుపు. దీంతో కాళ్లన్నీ నల్లగా ఉండే అక్వాటికస్ తప్పుకుంది. తొడలు కూడా ఎర్రబారి ఉండే రూఫిపెస్ తప్పుకుంది, ఆ పేరుకి అర్థమే ఎర్రకాళ్లది అని. తర్వాత పెంకుల కొసలు. రెండు కొసల్లోనూ పసుపు మచ్చ, దీపం వెలుగు పడ్డట్టు. "బైగుటాటస్" అంటే రెండు చుక్కలది. 1779లో ఫాబ్రిషియస్ పెట్టిన పేరు అది. ఇక్కడే చేతులు దులిపేసుకోవాలనిపిస్తుంది. కానీ నాలుగు చుక్కలది అని అర్థం వచ్చే క్వాడ్రిపంక్టాటస్ అనే దాయాది ఒకటుంది. రూపురేఖలు దాదాపు ఇవే. ఆ నాలుగు చుక్కలు రంగుచుక్కలు కావు, గుంటలు. పెంకు మీద అక్కడక్కడా సూదిబెజ్జంలాంటి గుంట ఉండి, అందులోంచి ఒక్క రోమం లేచి ఉంటుంది. పెంకు ముందు భాగంలో ఆ గుంట ఒక్కోవైపు ఒక్కటే ఉంటే బైగుటాటస్. సాధారణంగా రెండేసి ఉంటే క్వాడ్రిపంక్టాటస్.

పదమూడో ఫొటోలో గుంట దొరికింది. ఒక్కటే. రెండో పెంకు మీదా ఒక్కటే. ముదురు తొడ, లేత పిక్క, పసుపు కొస, ఒంటి గుంట, నాలుగూ కలిశాయి. నోషియోఫిలస్ బైగుటాటస్ అని రాసి పంపాను. ఈసారి చెరపలేదు.

పేర్లలో ఒక తమాషా ఉంది. నోషియోఫిలస్ అంటే తేమని ఇష్టపడేది అని అర్థం. అక్వాటికస్ అంటే నీటిది. కానీ అక్వాటికస్ ఉండేది ఎండ తగిలే పొడినేలల్లో. పేరు పెట్టినప్పుడు పురుగుని అడగరు కదా.

"పేరు తెలిసింది సరే, ఇప్పుడేమిటి?" అంది. న్యాయమైన ప్రశ్న. పేరు తెలిస్తే ఆ పురుగు మీద అంతకుముందు మనుషులు చూసిందంతా మన చేతికొస్తుంది. ఆ కళ్లు ఎందుకో తెలుస్తుంది.

చాలా నేలపెంకు పురుగులు రాత్రి తిరుగుతాయి, వాసనతో, మీసాల తాకిడితో తిండి వెతుక్కుంటాయి. బైగుటాటస్ పట్టపగలు వేటాడుతుంది. దాని ముఖ్యమైన తిండి స్ప్రింగ్‌టెయిల్. నువ్వుగింజలో సగమైనా ఉండని జీవి, కుళ్లే ఆకుల్లో బూజు తింటూ బతుకుతుంది. మంచి నేలలో చదరపు మీటరుకి వేల సంఖ్యలో ఉంటాయి. తిండికి కరువు లేదు, చిక్కల్లా పట్టుకోవడంలోనే. స్ప్రింగ్‌టెయిల్ పొట్ట కింద రెండు పాయల తోక ఒకటి మడిచి, కొక్కెం పెట్టి బిగించి ఉంటుంది. ఏదైనా తగిలిందో, కొక్కెం ఊడి తోక నేలని తంతుంది, జీవి గాల్లోకి ఎగిరి ఎక్కడో పడుతుంది. బిళ్లంగోడు బిళ్ల లేచినట్టు. మీసంతో తడిమి చూద్దామనుకునే పురుగుకి అది దొరకదు. తాకిందంటే పోయినట్టే.

కాబట్టి తాకకుండా పట్టుకోవాలి. తాకకుండా పట్టాలంటే అది ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తెలియాలి. ఆ పెద్ద కళ్లు రెండూ ముందువైపున ఒకే చోటుని కలిపి చూస్తాయి. మనం సూదిలో దారం ఎక్కించేటప్పుడు రెండు కళ్లతో దూరం అంచనా వేస్తామే, అలా. థామస్ బావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ వేటని 1980ల ప్రాంతంలో నిశితంగా పరిశీలించాడు. పురుగు పరుగెడుతుంది, ఆగుతుంది, తల తిప్పుతుంది. స్ప్రింగ్‌టెయిల్ కనబడగానే ముఖం తిన్నగా దానివైపు పెట్టి మెల్లిగా దగ్గరవుతుంది. కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఒక్క దూకు, దవడలు మూసుకుంటాయి. మన ఇంటి గోడ మీద బల్లి దోమని పట్టే తీరు చూశారా? అదే పద్ధతి, ఐదు మిల్లీమీటర్ల ఒంట్లో.

అదే తిండికి వేరే ఇళ్లలో వేరే ఏర్పాట్లున్నాయి. లోరిసెరా అనే నేలపెంకు పురుగుకి మీసాల మొదట్లో పొడవైన గట్టి రోమాలుంటాయి. స్ప్రింగ్‌టెయిల్ మీద రెండు మీసాలూ ఒక్కసారి మూసి బోనులో పెట్టేస్తుంది. లైస్టస్ అనేదానికి తల కింద ముళ్లబుట్ట ఉంటుంది. ముగ్గురికీ ఒకటే కూర, వండుకునే గిన్నెలు వేరు. అందుకే ఆ ముఖాలు వేరు.

ఈ కథంతా ఎక్కడో లీడ్స్ పెరటిది, మనకెందుకు అనుకుంటే వరిచేలోకి రండి. మన వరిలోనూ ఐదు మిల్లీమీటర్ల మెరిసే పెంకుపురుగు ఒకటుంది. నీలిమెరుపు నలుపు, ఒళ్లంతా ముళ్లు. హిస్పా అంటారు, రైతులు తాటాకు తెగులంటారు. పెద్దపురుగు ఆకు మీది పచ్చని గీకేసి తెల్లచారలు మిగులుస్తుంది, దాని పిల్లపురుగు ఆకు పొరల మధ్య దూరి తింటుంది. అదే చేలో నీలిమెరుపు ఉన్న ఇంకో పురుగు తిరుగుతుంది. అది ఓఫియోనియా. ఏడెనిమిది మిల్లీమీటర్లు, చీమలా సన్నని మెడ, ఎర్రని ఒంటికి నల్లని నీలం పట్టీలు. ఇది నేలపెంకు పురుగు. ఆకుముడత పురుగు చుట్టిన ఆకు గొట్టంలోకి స్వయంగా దూరి దాన్ని తింటుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రైతుల కోసం వేసిన చిన్న పుస్తకంలో ఇది రోజుకు మూడు నుంచి ఐదు ఆకుముడత పురుగుల్ని తింటుందని రాశారు. వరి మీది సుడిదోమల్ని కూడా వదలదు.

ముడుచుకున్న ఆకు విప్పిచూసి లోపల మెరిసే పురుగు కనబడగానే "ఇదే తినేస్తోంది" అని మందుకొట్టిన రైతుని నేను చూశాను. ఆయన తప్పేమీ లేదు, దొంగ ఇంట్లో పోలీసు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముళ్లున్నాయా లేదా అన్న ఒక్క ప్రశ్న ఆయన్ని ఎవరూ వేసుకోమనలేదు, అంతే. అక్షింతల పురుగులు మేలు చేస్తాయని ఈపాటికి చాలామంది రైతులకి తెలుసు. ఓఫియోనియాకి ఇంకా జనం నోట్లో నలిగే తెలుగు పేరు లేదు. ఆ పేరు ఎవరైనా రైతే పెట్టాలి, నాలాంటి పంతులు పెడితే నిలవదు.

మన దేశపు నేలపెంకు పురుగుల మీద కూర్చుని రాసినవాడు హెచ్.ఇ. ఆండ్రూస్. భారత అటవీశాఖలో పనిచేసి వెళ్లిన ఇంగ్లీషాయన. 1929లో ఒక సంపుటం, 1935లో మరొకటి వచ్చాయి. ఇప్పటికీ ఇక్కడి పురుగుకి పేరు పట్టాలంటే వాటి పేజీలు తిరగేయక తప్పదు. ఫోన్ యాప్‌లు చెప్పే పేర్లు యూరప్ పురుగులకి బాగానే కుదురుతాయి, అక్కడ ఫొటోలు కోకొల్లలు. మన మెట్టచేలల్లో ఆరు తెల్లచుక్కలతో తిరిగే నల్లని పెద్ద పురుగు ఆంథియాని గుర్తుపడతాయేమో గానీ, బియ్యపుగింజంత వాటి దగ్గర చేతులెత్తేస్తాయి. నాలాగే అవి కూడా మెరుపు చూసి ఏదో ఒక పేరు చెప్పేస్తాయి.

కాబట్టి మీ పెరట్లోనో చేలోనో మెరిసే చిన్న పురుగు దొరికితే, తెలిసినవాళ్లకి ఒక్క ఫొటో పంపి ఊరుకోకండి. స్కేలు పక్కన పెట్టి పైనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, గాజుగ్లాసు అడుగు నుంచి కాళ్లు కనిపించేలా ఒకటి తీయండి. ఏ ఊళ్లో, ఏ నెలలో, దేని కింద దొరికిందో రాయండి. అయిపోయాక గ్లాసు తీసుకెళ్లి పట్టిన చోటే వంచేయండి. మా మేనకోడలు అలాగే చేసింది. ఆ పురుగు కుండీ కిందికి దూరేముందు రెండుసార్లు ఆగి, తల తిప్పి చూసిందట.